నారింజరంగు తీగ

భిలాయిలో తెల్లవారుజామున ఇడ్లీ పాత్రల ఆవిరి వీధిలోకి వచ్చే ఇళ్ళు చాలానే ఉన్నాయి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఉక్కు కర్మాగారం రూపు దిద్దుకుంటున్న రోజులలోను, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన తరువాతి విస్తరణల కాలంలోను ఆంధ్రదేశం నుంచి తరలివెళ్ళిన కుటుంబాలు తమ రుబ్బురోలును, ఆవకాయ జాడీని కూడా వెంట తీసుకువెళ్ళాయి. ఆ తరంలో ఉద్యోగ విరమణ చేసినవారు కొందరు స్వస్థలాలకు మరలిపోగా, మరికొందరు స్మృతి నగర్ వంటి కాలనీలలో ఇళ్ళు కట్టుకుని అక్కడే ఉండిపోయారు.

అటువంటి పెద్దమనిషి నొకరిని పాఠకులు ఊహించుకోవచ్చు. ఆయన జీవితమంతా మోటార్లతోను, స్విచ్‌గేర్లతోను గడిచింది. త్రీ ఫేజు విద్యుత్తు ఆయనకు అరచేతిలో గీత వంటిది. కూతురు, అల్లుడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటున్నారు. అల్లుడు ఉద్యోగం మానుకుని, ఒక పాత వాణిజ్య భవనంలో దుకాణం అద్దెకు తీసుకుని టిఫిన్ హోటల్ పెట్టే ప్రయత్నంలో ఉన్నాడు. ఇంతకు పూర్వం అక్కడ చెక్కపని యంత్రాలు నడిచేవి గనుక త్రీ ఫేజు కనెక్షన్ ముందే ఉంది. అదొక అదృష్టమనుకున్నాడు. వేరొక హోటలు మూతపడితే అక్కడి సామాను చవకగా కొన్నాడు. నూనెలో వేయించే ఎలక్ట్రిక్ ఫ్రయర్, పళ్ళాలు కడిగే యంత్రం, పొగ లాగే బ్లోయరు అన్నీ త్రీ ఫేజువే. విజయదశమికి ప్రారంభోత్సవం నిశ్చయమైంది.

ఆ దశలో ఒకనాటి రాత్రి స్మృతి నగర్‌లో ఫోను మోగింది.

"మామయ్యగారూ, ఎలక్ట్రీషియన్ వచ్చి కొలిచి ఈ అంకెలు రాసి ఇచ్చాడు. ఒకసారి చూస్తారా?"

కాగితం ఫోటోలో ఆరు అంకెలున్నాయి. ఫేజుకు, ఫేజుకు మధ్య మూడు చోట్లా 240 వోల్టులు. న్యూట్రల్‌కు, ఫేజులకు మధ్య మాత్రం వరుసగా 120, 208, 120.

పెద్దాయన ఒక్క క్షణం చూశాడు. "బాబూ, దేనినీ ముట్టుకోకండి. మెయిన్ కట్టేయించండి. మీ న్యూట్రల్ తెగింది."

ఆయన తీర్పులో తొందరపాటు ఏమీ లేదు. భిలాయిలో గాని, విజయవాడలో గాని ఆ అంకెలు కనిపిస్తే అర్థం అదే. అయితే అల్లుడి దుకాణంలో న్యూట్రల్ తెగలేదు. అక్కడ ఏ తీగా చెడిపోలేదు. మన దేశంలో రోగలక్షణమైన కొలత ఆ భవనంలో ఆరోగ్య లక్షణం. ఒకే మాట, ఒకే మూడు తీగలు, ఒకే మీటరు. అయినా అర్థం తారుమారు. ఇది ఎలా సాధ్యమో ఒక కాగితం, స్కేలు దగ్గర పెట్టుకుంటే తేలికగా తెలుస్తుంది.

మూడు భుజాలు సమానంగా ఉండే త్రిభుజాన్ని గీయాలి. మూడు మూలలు మూడు ఫేజులు. ఏ రెండు మూలల మధ్య దూరమైనా ఆ రెండు ఫేజుల మధ్య వోల్టేజి అనుకోవాలి. మన దేశపు సరఫరాకు భుజం 40 సెంటీమీటర్లు. అనగా 400 వోల్టులు. ఇప్పుడు న్యూట్రల్ ఎక్కడ? త్రిభుజానికి నట్టనడుమ, మూడు మూలలకూ సమదూరంలో. స్కేలు పెట్టి చూస్తే ఆ దూరం సుమారు 23 సెంటీమీటర్లు వస్తుంది. మన ఇళ్ళలోని 230 వోల్టులు అవే. మూడు తీగలు ఒక కేంద్రం నుంచి కిరణాల వలె బయలుదేరుతాయి గనుక దీనికి స్టార్ కనెక్షన్ అని పేరు.

ఆ కేంద్ర బిందువును స్థిరంగా పట్టి ఉంచేది న్యూట్రల్ తీగ. ఎక్కడైనా అది తెగిందా, బిందువు కట్టు తెంచుకున్న దూడ వలె త్రిభుజంలో ఇటూ అటూ తిరుగుతుంది. ఎక్కువ భారమున్న ఫేజు వైపు జరుగుతుంది. తక్కువ భారమున్న ఫేజుకు దూరమవుతుంది. అది ఒక భుజం మధ్యకు చేరిందనుకుంటే, ఆ రెండు ఫేజులకు 200 వోల్టుల చొప్పున, మూడవదానికి 346 వోల్టులు. మూడవ ఫేజు మీద ఉన్న ఇళ్ళలో టీవీలు, ఫ్రిజ్‌లు, ఫ్యానులు ఒకే రాత్రి పోతాయి. "హై వోల్టేజి వచ్చింది" అని వీధి వీధంతా చెప్పుకునే ప్రమాదానికి తరచు మూలం ఈ తెగిన న్యూట్రలే. వింతేమిటంటే అప్పుడు కూడా ఫేజుల మధ్య వోల్టేజి 400గానే చూపుతుంది. మూలలు కదలవు, కదిలేది లోపలి బిందువు మాత్రమే. పెద్దాయన చూసిన కాగితంలో ఉన్న దృశ్యం సరిగ్గా ఇదే: భుజాలు సమానం, బిందువు ఒక పక్కకు ఒరిగి ఉంది.

న్యూజెర్సీలోని ఆ భవనంలో బిందువును అక్కడ పెట్టింది ప్రమాదం కాదు, విద్యుత్ సంస్థ.

ఇప్పుడు 24 సెంటీమీటర్ల భుజంతో మరొక త్రిభుజం గీయాలి. ఒక భుజానికి సరిగ్గా మధ్యలో చుక్క పెట్టాలి. అక్కడి న్యూట్రల్ అదే. దానినే భూమికి కలుపుతారు. చుక్క నుంచి ఆ భుజపు రెండు కొసలకూ 12 సెంటీమీటర్ల చొప్పున, అనగా 120 వోల్టుల చొప్పున ఉంటుంది. ఎదుటి మూలకు స్కేలు పెడితే త్రిభుజపు ఎత్తు 20.8 సెంటీమీటర్లు. అల్లుడి కాగితంలో మధ్యనున్న 208 ఆ ఎత్తే. ఈ సరఫరాను హై లెగ్ డెల్టా అంటారు. అక్కడి పనివారు ఆ మూడవ తీగకు వైల్డ్ లెగ్ అని, స్టింగర్ అని ముద్దుపేర్లు పెట్టుకున్నారు. మన వర్క్‌షాపులలో అయితే బహుశా పోట్లగిత్త అనేవారు.

ఇంత వంకర ఏర్పాటు ఎందుకు పుట్టిందన్న సందేహం సహజం. అమెరికాలో ఇళ్ళ దీపాలకు 120 వోల్టులు. మధ్యలో న్యూట్రల్, ఇరువైపులా చెరొక తీగ ఉండే మూడు తీగల పద్ధతి 1880 దశకంలో ఎడిసన్ ఏకముఖ విద్యుత్తుకు వాడినది. ఆ తరువాత ఆల్టర్నేటింగ్ విద్యుత్తు గెలిచి ఎడిసన్ ఓడినా, ఆయన మూడు తీగల అమరిక మాత్రం ఆ దేశపు గోడలలో నిలిచిపోయింది. (ఆయన ప్రయోగశాల ఉండిన మెన్లో పార్క్ ప్రాంతానికి 1954 నుంచి ఎడిసన్ అనే పేరు, నేడు ఆ పట్టణపు ఓక్ ట్రీ రోడ్డులో సాంబారు వాసన కొత్త కాదు.) ఒక వీధిలో దుకాణాలన్నిటికీ దీపాలు కావాలి, వాటి మధ్య ఒక పిండిమరకో, చెక్కపని శాలకో చిన్న త్రీ ఫేజు మోటారు కావాలి. దీపాల ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం మీద ఉండనే ఉంది. దాని పక్కన మరొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ బిగిస్తే మూడవ మూల సిద్ధమవుతుంది. మూడవ ట్రాన్స్‌ఫార్మర్ లేకపోయినా త్రిభుజం తెరచిన నోటితో పనిచేస్తుంది; సమానమైన రెండింటిని అలా కలిపితే వాటి మొత్తం శక్తిలో 86.6 శాతం మోయగలవు. విద్యుత్ సంస్థకు ఖర్చు కలిసి వచ్చింది. స్తంభం మీద ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కనిపిస్తే ఈ సరఫరా అయి ఉండవచ్చునని అనుభవజ్ఞులు అనుమానిస్తారు. నిర్ధారణ మాత్రం మీటరుతోనే. కొత్త వాణిజ్య భవనాలకు సాధారణంగా 120, 208 వోల్టుల స్టార్ సరఫరా ఇస్తున్నారు. పాత భవనాలలో పాతదే సాగుతున్నది. హోటలు పెట్టదలచిన వాడికి చవకగా అద్దెకు దొరికేవి సాధారణంగా ఆ పాత భవనాలే కదా!

ఈ చివరి వాక్యంలోని స్టార్ సరఫరా వల్లనే చిక్కు రెండింతలవుతుంది. రెండు సరఫరాలలోను 120 ఉంది, రెండింటిలోను 208 ఉంది. స్టార్‌లో 208 అంటే ఫేజుకు, ఫేజుకు మధ్య. హై లెగ్‌లో 208 అంటే ఒకే ఒక ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య. అంకె ఒకటే గాని అవి రెండూ వేరు వస్తువులు. యంత్రం మీది రేకులో 208 అని చూసి, మీటరులో 208 అని చూసి, "సరిపోయింది" అనుకుని కలిపే చేయికి అక్కడే దెబ్బ.

అల్లుడు కొన్న ఫ్రయర్ రేకు మీద 208 వోల్టులు, త్రీ ఫేజు, 12 కిలోవాట్లు అని ఉంది. దాని పాత యజమాని భవనంలో స్టార్ సరఫరా ఉండేదన్నమాట. ఇక్కడ ఫేజుల మధ్య 240. వేడిచేసే తీగచుట్ట శక్తి వోల్టేజి వర్గంతో పెరుగుతుంది గనుక 12 కిలోవాట్లు 16 అవుతాయి. ప్రారంభంలో యజమానికి సంతోషంగానే ఉంటుంది, వడలు త్వరగా వేగుతాయి! పిదప తీగచుట్టలు అకాలంగా మాడిపోతాయి. లోపలి కాంటాక్టర్లు, కేబుళ్ళు తమకు చెప్పని భారాన్ని మోసి వేడెక్కుతాయి. కాగిన నూనె పక్కనే ఆ వేడి ఉండడం మంచిది కాదు. తారుమారుగా 240 వోల్టుల ఫ్రయర్‌ను 208 సరఫరాకు కలిపితే 12 కిలోవాట్లు 9కి పడిపోయి, గారెలు నూనె పీల్చుకుంటాయి. అది రుచికి నష్టమే గాని ప్రాణానికి కాదు. కొన్ని యంత్రాలలో లోపలి లింకులు మార్చి రెండింటికీ అనువుగా చేసుకోవచ్చు. కొన్నింటికి తయారీదారు నుంచి వేరే తీగచుట్టలు తెప్పించాలి.

పళ్ళాలు కడిగే యంత్రం కథ వేరు. దాని రేకు మీద 120/208 అని, మూడు ఫేజులతో పాటు న్యూట్రల్ కూడా కావాలని ఉంది. మోటారు, హీటరు ఫేజుల మధ్య పనిచేస్తాయి. గడియారం, రిలేలు, ఎలక్ట్రానిక్ పలక మాత్రం ఒక ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య ఉండే 120 వోల్టులను కోరుతాయి. ఏ ఫేజు నుంచి తీసుకోవాలో కర్మాగారంలోనే నిర్ణయించి బిగించారు. స్టార్ సరఫరాలో మూడు ఫేజులూ సమానమే గనుక తయారీదారు దీనిని పట్టించుకోనక్కరలేదు. హై లెగ్ భవనంలో ఆ ఫేజు గనుక పోట్లగిత్త అయిందంటే, స్విచ్చి వేసిన క్షణంలోనే 120 వోల్టుల పలక మీద 208 పడుతుంది. ఒకవేళ అదృష్టం బాగుండి అది వేరే ఫేజు మీద పడినా, మోటారుకు 208 బదులు 240 వెళుతూనే ఉంటుంది. ఇటువంటి యంత్రానికి సరైన మందు విడిగా ఒక త్రీ ఫేజు ట్రాన్స్‌ఫార్మర్: ఇటు 240 డెల్టా, అటు 208 స్టార్, దానికి తనదైన న్యూట్రల్. చవకగా కొన్న యంత్రం అప్పుడు అంత చవక అనిపించదు.

వీటన్నిటికంటె స్మృతి నగర్ పెద్దాయనకు ఇష్టమైన వస్తువు మరొకటి ఉంది. కూతురు పట్టుపట్టి కోయంబత్తూరు వెట్ గ్రైండర్ తెప్పించుకుంది. 230 వోల్టులు, సింగిల్ ఫేజు, 50 సైకిళ్ళు. ఇక్కడే మన దేశపు అనుభవం మనిషిని మోసం చేస్తుంది. మన ఇంట ఫేజు, న్యూట్రల్ మధ్య 230. అక్కడ ఫేజు, న్యూట్రల్ మధ్య ఎక్కడ వెదికినా 120. ఒక్క చోట మాత్రం 208. "ఇదిగో, మన 230కి దగ్గరది దొరికింది" అని గ్రైండరును ఆ తీగకు, న్యూట్రల్‌కు కలపాలని ఎవరికైనా తోస్తుంది. కలిపితే గ్రైండరు తిరుగుతుంది కూడా. అదే ప్రమాదం. పానెల్‌లో సాధారణంగా వాడే సింగిల్ పోల్ బ్రేకర్లు న్యూట్రల్‌కు 120 వోల్టుల వరకే తెంచగలవని పరీక్షించి అమ్మినవి. షార్టు అయిన వేళ 208 వోల్టుల నిప్పురవ్వను అది ఆర్పలేకపోవచ్చు. 120/240 అని రెండంకెలు రాసిన రెండు పోళ్ళ బ్రేకరు కూడా ఈ తీగకు పనికిరాదు. 240 అని ఒకే అంకె రాసినదే ఉండాలి. సరైన దారి సులువైనదే. 120 వోల్టులిచ్చే రెండు ఫేజుల మధ్య గ్రైండరును కలిపితే 240 దొరుకుతుంది, న్యూట్రల్‌తో పనిలేదు.

అప్పుడైనా అక్కడి విద్యుత్తు సెకనుకు 60 సైకిళ్ళు. మోటారు ఐదింట ఒక వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. పిండి వేడెక్కితే ఇడ్లీ మెత్తన తప్పుతుందని మన ఇళ్ళలో తెలియని వారుండరు. ఈ ఒక్క విషయంలో పెద్దాయన అనుభవం యథాతథంగా సముద్రం దాటింది: "బెల్టు మీద నడిచేదే కదా, మోటారు పుల్లీని ఆ మేరకు చిన్నది వేయించండి." అక్కడి ఆరోగ్య శాఖలు వాణిజ్య వంటశాలల పరికరాలకు గుర్తింపు ముద్రలు అడుగుతాయి, గ్రైండరుకు అది ఉన్నదా అన్న ప్రశ్న మాత్రం పుల్లీతో తీరేది కాదు.

రంగుల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో ప్రాణాలున్నాయి. మన దేశంలో తరతరాలుగా ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. అమెరికాలో తెలుపు న్యూట్రల్; నలుపు ఫేజు. ముప్పై ఏళ్ళ అలవాటు ఉన్న చేయి నల్లతీగను చూడగానే నిశ్చింత పడుతుంది. అక్కడ ఆ నిశ్చింత ఎంతమాత్రం తగదు. హై లెగ్ తీగకు మాత్రం న్యూట్రల్ తోడుగా ఉన్న ప్రతి చోటా నారింజరంగు గుర్తు ఉండాలని అమెరికన్ విద్యుత్ నియమావళి శాసిస్తుంది. పానెల్‌లో దాని స్థానం మధ్యది, అనగా బి ఫేజు. మీటరు పెట్టెలో వేరే స్థానంలో ఉండవచ్చు గనుక అక్కడ చూసింది ఇక్కడ చెల్లదు. పానెల్ మీద హెచ్చరిక చీటీ కూడా ఉండాలి. పాత భవనాలలో ఆ నారింజ పూత మసిబారి ఉంటుంది. కొన్నిచోట్ల ఎవరో గోడతో పాటు పానెల్‌కు కూడా రంగు వేసి చీటీని కప్పేసి ఉంటారు.

పానెల్‌లో బ్రేకరు స్థానాలు ఎ, బి, సి అని వరుసగా తిరిగి తిరిగి వస్తాయి. అంటే ప్రతి మూడు స్థానాలలో ఒకటి పోట్లగిత్తది. ఖాళీగా కనిపించిందని అక్కడ ఒక చిన్న బ్రేకరు బిగించి ఫ్రిజ్‌కో, బిల్లు యంత్రానికో తీగ లాగితే 120 వోల్టుల వస్తువు మీద 208 పడుతుంది. 120 వోల్టుల బల్బు ఆ వోల్టేజి వద్ద మూడింతల శక్తి పీల్చి క్షణంలో పోతుంది. ఆ ఖాళీ స్థానం మరచిపోయినది కాదు, తెలిసి వదిలినది.

మొదటి ఫోను తరువాత పెద్దాయన రాత్రి నిద్రపోలేదు. అల్లుడు మెయిన్ కట్టేయించాడు గాని, లైసెన్సు ఉన్న అక్కడి ఎలక్ట్రీషియన్ నవ్వి, ఇది ఇలాగే ఉంటుందన్నాడట. పెద్దాయనకు ఆ నవ్వు నచ్చలేదు. ఉదయాన కాగితం మీద త్రిభుజం గీశాడు, మధ్యన ఉన్న చుక్కను చెరిపి భుజం మీద పెట్టాడు. 240కి సగం 120. ఎత్తు 208. వెంటనే ఫోను చేశాడు.

"బాబూ, మీ ఎలక్ట్రీషియన్ చెప్పిందే నిజం. నేను పొరబడ్డాను. కాని ఆ ఫ్రయర్‌ను మాత్రం కలపనివ్వకండి. దాని రేకు ఫోటో నాకు పంపండి."

అలా రేకులన్నిటి ఫోటోలు స్మృతి నగర్ చేరాయి. ఫ్రయర్‌కు కొత్త తీగచుట్టలు, పళ్ళాల యంత్రానికి ట్రాన్స్‌ఫార్మర్ అవసరమయ్యాయి. విజయదశమి దాటిపోయింది. కార్తీకంలో మరొక రోజు చూసుకున్నారు.

చివరకు మిగిలింది పొగ లాగే బ్లోయరు. 240 వోల్టుల త్రీ ఫేజు మోటారే గనుక దానికి న్యూట్రల్‌తో గాని, హై లెగ్‌తో గాని పేచీ లేదు. స్విచ్చి వేస్తే తిరిగింది, గాలి కూడా పైకే పోయింది. అయినా పోపు వేయగానే గది నిండా పొగ. ఇటువంటి బ్లోయరు చక్రం వెనక్కు తిరిగినా గాలిని అటే తోస్తుంది, కాకపోతే చాలా బలహీనంగా తోస్తుంది. అందువల్ల తప్పు వెంటనే బయటపడదు. ఏ రెండు ఫేజులు తారుమారు చేసినా మోటారు దిశ మారుతుందని ఐటిఐ కుర్రవాడికి కూడా తెలుసు. ఎక్కడ మార్చాలన్నదే ప్రశ్న. మోటారు దగ్గర మార్చితే ఆ మోటారు ఒక్కటే మారుతుంది. పని తేలికని మెయిన్ దగ్గర మార్చి, నారింజ తీగను మధ్య స్థానం నుంచి పక్కకు జరిపితే పోట్లగిత్త బి నుంచి ఎ కో, సి కో దూకుతుంది. ఆ వరుస మీద ఉన్న ఫ్రిజ్‌లు, దీపాలు, బిల్లు యంత్రం అన్నీ ఒక్కసారిగా 208 కిందికి వస్తాయి.

స్మృతి నగర్ నుంచి ప్రశ్న వెళ్ళింది: "ఎక్కడ మార్చాడు, ఏ తీగలు మార్చాడు?"

"మోటారు దగ్గరే, మామయ్యగారూ. నలుపూ నీలమూ మార్చాడు. నారింజ ఉన్నచోటే ఉంది."

"అయితే పోపు వేయించి చూడండి."

ఫోనులో ఆవాలు చిటపటలాడిన చప్పుడు, దానిని మించి బ్లోయరు హోరు వినిపించాయి. పొగ సంగతి ఆయన వేరే అడగలేదు.